నేను దింపెయ్యనా?

రైలు కదలడం లేదు.

తలుపులు తెరిచే ఉన్నాయి. డిసెంబరు చలి పెట్టెలోకి జొరబడుతోంది. జనం కోట్లు దగ్గరికి లాక్కుంటున్నారు, వాచీలు చూసుకుంటున్నారు, కిటికీలోంచి ప్లాట్‌ఫాం వైపు తొంగిచూస్తున్నారు. చెవులు మాత్రం అందరివీ ఒకే సీటు మీదున్నాయి. అక్కడ ఒక కుర్రాడు కూర్చున్నాడు. లేవనంటున్నాడు.

2011 డిసెంబర్ 9, శుక్రవారం రాత్రి. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరా నుంచి పెర్త్ వెళ్ళే బండి లిన్లిత్‌గో స్టేషన్లో నిలబడిపోయింది. ముందు రోజే దేశం మీద పెనుతుఫాను విరుచుకుపడింది. కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద గాలి గంటకు 265 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. స్కూళ్ళు మూసేశారు. చాలా చోట్ల రైళ్ళు ఆగిపోయాయి. అలాంటి వారం ఎలాగో గడిచింది. ఇక పెట్టెలో ఉన్నవాళ్ళకి కావాల్సింది ఇల్లు చేరడం ఒక్కటే. దానికి అడ్డంగా ఒక టికెట్ వచ్చి పడింది.

కండక్టర్ వయసు మళ్ళినవాడు. కుర్రాడి టికెట్ చెల్లదన్నాడు. దిగమన్నాడు. కుర్రాడికి పందొమ్మిదేళ్ళు, యూనివర్సిటీ విద్యార్థి. దిగనన్నాడు. కండక్టర్ మళ్ళీ చెప్పాడు. కుర్రాడు గొంతు పెంచాడు. నోరు జారాడు. బూతు మాట పెట్టె అంతా వినబడింది. నువ్వు దిగితేనే బండి కదులుతుందని కండక్టర్ తేల్చి చెప్పేశాడు. అంతే, ఇద్దరి మధ్య గొడవ కాస్తా పెట్టెలో ప్రతి ఒక్కరి గొడవైపోయింది.

ఎవరో ఫోన్ పైకెత్తారు. వీడియో మొదలైంది.

సరిగ్గా అప్పుడే ఒకాయన సీట్లోంచి లేచాడు. పొడగరి, భారీ మనిషి. వయసు ముప్పై అయిదు. రైల్వేతో ఏ సంబంధమూ లేదు. టికెట్ కొనుక్కుని ఎక్కిన మామూలు ప్రయాణికుడు. నడవలో కండక్టర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. ఒక్కటే ప్రశ్న వేశాడు.

"వీణ్ని నేను దింపెయ్యనా?"

కండక్టర్ సరేనన్నాడు.

ఆ ప్రశ్న మన గోదావరి ఎక్స్‌ప్రెస్ స్లీపర్ బోగీలో ఎవరైనా టీటీఈని అడిగితే? మన చట్టం దానికి తలుపు మూసెయ్యలేదు. టికెట్ లేకుండా దొరికినవాడు అసలు చార్జీ కట్టాలి, దానికి తోడు అంతే మొత్తమో 250 రూపాయలో, ఏది ఎక్కువైతే అది కట్టాలి. 1989 నాటి రైల్వే చట్టంలో 138వ సెక్షన్ చెప్పే లెక్క ఇది. కట్టనని మొండికేస్తే 139వ సెక్షన్ కింద అతన్ని దింపెయ్యొచ్చు. దింపే అధికారం ఉన్న ఉద్యోగి సాయానికి ఇంకెవరినైనా పిలవచ్చని కూడా అందులోనే ఉంది. ఆ ఇంకెవరైనా ఎదురు బెర్తులో కూర్చున్న మీరూ కావచ్చు. కానీ అదే సెక్షన్ చివర ఇంకో మాటుంది. మగతోడు లేని ఆడమనిషినీ, పిల్లల్నీ ఎక్కడ పడితే అక్కడ దింపకూడదు. ఎక్కిన స్టేషన్లోనో, జంక్షన్లోనో, బండి ఆఖరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో దింపాలి. అదీ పగటిపూటే. డబ్బు కట్టని మనిషికి కూడా చీకటి చీకటేనని ఆ చట్టం రాసినవాళ్ళకి తెలుసు.

లిన్లిత్‌గోలో అప్పుడు రాత్రి పది కావస్తోంది. సీట్లో ఉన్నది ఆడమనిషి కాదు, పసివాడూ కాదు. భారీ మనిషి చేతులు ముందుకు సాగాయి.

మొదటి లాగుడికే కుర్రాడు సీట్లోంచి లేచిపోయాడు, వదలమని అరిచాడు, కాళ్ళు నేలకి తన్నిపట్టి ఆగబోయాడు, ఆగలేకపోయాడు, రెండువైపులా మోకాళ్ళు ముడుచుకుని దారిచ్చిన జనం మధ్యనుంచి తలుపుదాకా ఈడ్చుకుపోతుంటే గుమ్మం దగ్గర ఒక్క క్షణం పెనుగులాడాడు, మరుక్షణం గాల్లో ఉన్నాడు, ఆ వెంటనే ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. పడ్డాడు. లేచాడు. మళ్ళీ తలుపు వైపు ఉరికాడు.

భారీ మనిషి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. మళ్ళీ తోశాడు.

పెట్టెలో చప్పట్లు మోగాయి.

తలుపులు మూసుకున్నాయి. బండి కదిలింది. లోపల వెచ్చగా ఉంది. బయట ప్లాట్‌ఫాం మీద ఒక్కడు మిగిలాడు. లిన్లిత్‌గో చిన్న ఊరు. సరస్సు ఒడ్డున పైకప్పు లేని పాత రాజప్రాసాదం, 1542లో స్కాట్‌ల రాణి మేరీ పుట్టింది అందులోనే. పగలు దాన్ని చూడ్డానికి జనం వస్తారు. శీతాకాలం రాత్రి ఆ స్టేషన్లో దిగినవాడికి చూడ్డానికేమీ ఉండదు. కుర్రాడి ఇల్లు ఇంకా అవతలి ఊళ్ళో ఉంది. అతని ఒంట్లో ఒక జబ్బు కూడా ఉంది. చప్పట్లు కొట్టినవాళ్ళకి ఆ సంగతి తెలీదు.

వీడియో యూట్యూబ్‌కెక్కింది. కొద్ది రోజుల్లోనే లక్షలమంది చూశారు. పేరు తెలియని ఆ భారీ మనిషికి పత్రికలు ఒక పేరు పెట్టేశాయి, బిగ్ మ్యాన్. శభాష్ అన్నవాళ్ళే ఎక్కువ. అలాంటివాడు ప్రతి బండిలోనూ ఒకడుండాలన్నారు. రోజూ డబ్బు పోసి టికెట్ కొనేవాడి కడుపులో ఎంతకాలంగానో ఉన్న మంట అది. మనకి మాత్రం తెలీదా? రెండు నెలల ముందు బుక్ చేసుకున్న బెర్తు మీద ముగ్గురు కూర్చుని, కాస్త సర్దుకోండి అన్నప్పుడు లేచే మంట అదే. తప్పు చేసినవాడు దర్జాగా కూర్చున్నాడు, డబ్బు కట్టినవాడు నిలబడ్డాడు. అలాంటప్పుడు ఎవరో ఒకరు లేచి వాణ్ని పట్టుకుంటే చేతులు వాటంతటవే చప్పట్లు కొడతాయి.

ఇంతలో విలేకరులు ఆ కుర్రాణ్ని వెతికి పట్టుకున్నారు.

అతను చెప్పిన కథ వేరుగా ఉంది. టికెట్ కొనకుండా ఎక్కలేదన్నాడు. పొద్దున పోవడానికొకటి, రావడానికొకటి ఉండాల్సింది, తన చేతికి వచ్చిన రెండూ పోయేవైపు టికెట్లేనన్నాడు. తిరుగు ప్రయాణంలో కండక్టర్ అడిగేదాకా ఆ పొరపాటు తెలీలేదన్నాడు. కిందపడ్డప్పుడు మొహం గీరుకుపోయింది. అతనికి ఎక్కువగా చిన్నవయసులోనే వచ్చే మధుమేహం, టైప్ 1. రోజూ ఇన్సులిన్ మీద బతికేవాడు. చలిలో, రాత్రివేళ, ఇంటికి దూరంగా అలాంటివాణ్ని ఒంటరిగా వదిలేస్తే ఏమవుతుందో ఏ డాక్టర్నడిగినా చెబుతాడు. ఆ పెట్టెలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

అతను చెప్పింది పూర్తిగా నిజమా? చెల్లని టికెట్ చెల్లదు గనక కండక్టర్ చేతిలో కాగితం చెప్పిందీ నిజమే. బూతులు తిట్టడమూ నిజమే, వీడియోలో వినబడుతూనే ఉంది. కాగితం తప్పని తేల్చడానికి కండక్టరున్నాడు. అది పొరపాటో మోసమో తేల్చడానికి మాత్రం ఆ నడవలో ఎవరూ లేరు. అయినా తీర్పు అక్కడే అయిపోయింది. శిక్ష కూడా అక్కడే పడింది.

ఆ తరవాత పోలీసులు దిగారు. కేసు ఇద్దరి మీదా పడింది. చప్పట్లు కొట్టించుకున్న చేతులకి దాడి నేరం అంటుకుంది. నెలల తరబడి ఆ కత్తి నెత్తిమీద వేలాడింది. 2012లో అధికారులు ఆయన మీద విచారణ అక్కర్లేదని వదిలేశారు. ఆయన బయటపడ్డాడు. కండక్టర్‌కి సాయం చెయ్యబోయిన ఒక్క నిమిషం మాత్రం లక్షల ఫోన్లలో అలాగే ఉండిపోయింది.

ఇంతమంది కళ్ళు ఆ కుర్రాడి మీదే ఉన్న కాలంలో, అదే బ్రిటన్ రైళ్ళలో ఇంకొకాయన తిరుగుతున్నాడు. ఆయన వైపు తలెత్తి చూసినవాళ్ళు లేరు.

స్టోన్‌గేట్. లండన్‌కి దూరంగా, పచ్చటి పల్లెల మధ్య ఒక చిన్న స్టేషన్. టికెట్ చూపిస్తే తెరుచుకునే గేట్లు అక్కడ లేవు. ఆయన అక్కడ ఎక్కుతాడు. లండన్ వచ్చాక కానన్ స్ట్రీట్ స్టేషన్లో దిగుతాడు. అక్కడ గేట్లున్నాయి. జేబులోంచి లండన్ ప్రయాణాలకి వాడే ఆయిస్టర్ కార్డు తీసి ఆనిస్తాడు. ఎక్కిన చోటు నమోదు కాలేదు గనక యంత్రం గరిష్ఠ చార్జీ కింద 7.20 పౌండ్లు కోసుకుని గేటు తెరుస్తుంది. ఆ ప్రయాణానికి అసలు చార్జీ 21.50 పౌండ్లు. మూడింట రెండొంతులు మిగులు. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరినీ తిట్టింది లేదు. గేటు దాటి ఆఫీసుకెళ్ళిపోతాడు.

ఆఫీసు ఏదనుకున్నారు? బ్లాక్‌రాక్. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా జనం సొమ్ము మదుపు చేసే సంస్థ. అందులో ఆయన మేనేజింగ్ డైరెక్టర్ హోదాలో ఉన్నాడు.

2013 నవంబర్. కానన్ స్ట్రీట్ గేటు దగ్గర ఒక టికెట్ ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. పల్లెటూరి బండి దిగి ఆయిస్టర్ కార్డు ఆనించిన మనిషిని ఆపాడు. ఎక్కడెక్కారని అడిగాడు.

ఇక లెక్కలు తవ్వడం మొదలైంది. అయిదేళ్ళ ప్రయాణాల మీద రైలు కంపెనీ వేసిన బకాయి 42,550 పౌండ్లు. ఖర్చుల కింద మరో 450. మొత్తం 43,000 పౌండ్లు ఆయన కట్టేశాడు. వ్యవహారం కోర్టు దాకా పోలేదు. ఆయన్ని ఈడ్చినవాళ్ళు లేరు, ఫోన్లో పట్టినవాళ్ళు లేరు. బ్లాక్‌రాక్‌లో ఉద్యోగం మాత్రం ముగిసింది. 2014 డిసెంబర్‌లో బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ ఆయన్ని ఆ రంగంలో అడుగుపెట్టకుండా నిషేధించింది.

అయిదేళ్ళు. అన్నాళ్ళూ పక్క సీట్లో ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. పత్రిక చదువుకుంటూనో, కునుకు తీస్తూనో. ఒక్కరికైనా అనుమానం రాలేదు. పెద్దమనిషి తరహాగా ఉన్నవాడి జేబులో టికెట్ ఉందో లేదో అన్న ఆలోచన మనకి పుట్టదు. గట్టిగా అరిచిన కుర్రాడి విషయంలో మాత్రం మనకి సందేహమే ఉండదు. చిరిగిన చొక్కా, నిద్రకళ్ళు, మూట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ, తెలియని భాష మాట్లాడే కూలీలు. మన బోగీల్లో మన వేలు ముందుగా ఎవరి వైపు లేస్తుందో ఎవరికి వాళ్ళు గుర్తు చేసుకోవచ్చు.

మన చట్టం ఈ తేడా పట్టుకుంది. టికెట్ లేనివాడికి 138వ సెక్షన్, చార్జీ, జరిమానా. ఎగ్గొట్టాలనే ఎక్కినవాడికి 137వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రెంటి మధ్యా ఉన్న గీత పేరు ఉద్దేశం. టికెట్ లేకపోవడం కంటికి కనిపిస్తుంది. ఉద్దేశం కనిపించదు. దాన్ని అడిగి, రాసుకుని, అవసరమైతే కోర్టులో తేల్చాలి. ఎదురు సీట్లో కూర్చున్నవాడి పని కాదది.

అలాగని కళ్ళు మూసుకోనక్కర్లేదు. టికెట్ లేనివాడు మీ బెర్తు ఆక్రమించినా, నాలుగు స్టేషన్లుగా టీటీఈని చూసి బాత్రూమ్‌లో దాక్కుంటున్నా చెప్పండి. చెప్పడం చాడీ కాదు. టీటీఈ కనిపించకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యండి, రైల్వే ఫిర్యాదుల వేదిక రైల్‌మదద్‌లో రాయండి. బోగీ నంబరు, సీటు నంబరు చాలు. మనిషి గురించి మీ అంచనాలు అక్కర్లేదు. ఫోన్ కెమెరా జేబులోనే ఉండనివ్వండి. మీ అంతట మీరు చెయ్యి అసలు వెయ్యొద్దు. సాయం చెయ్యమని ఉద్యోగే పిలిచినా, దిగేది ఏ వేళ, ఏ స్టేషన్లో, ఒంట్లో బాగుందా అని ముందు అడగండి. ఫిర్యాదు చెయ్యడం వరకే ప్రయాణికుడి హక్కు. మనిషిని దింపే బాధ్యత జీతం తీసుకునేవాడిది.