విద్యాసంస్థలు, ఆసుపత్రుల్లో జిరాక్సు – కాపీహక్కు (సైబరాబాదు)

పాఠాలకు, పరిశోధనకు పుస్తకాల, పత్రికల భాగాలను జిరాక్సు తీసుకోవడం 1957 నాటి కాపీహక్కు చట్టం పరిధిలోకి వస్తుంది. సైబరాబాదులో గచ్చిబౌలి పరిసరాల్లోని హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం (1974), ట్రిపుల్ ఐటీ (1998), ఐఎస్‌బీ (2001), కార్పొరేటు ఆసుపత్రులు, ఐటీ సంస్థలు అన్నిటికీ ఇదే చట్టం వర్తిస్తుంది.

మినహాయింపులు: 52వ సెక్షను ప్రకారం సొంత అధ్యయనానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు నకలు తీసుకోవచ్చు. బోధనలో భాగంగా అధ్యాపకులు, విద్యార్థులు తీసే ప్రతులు ఉల్లంఘన కావు.

కీలక తీర్పు: ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని రామేశ్వరి జిరాక్సు దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. బోధనకు అవసరమైన మేరకు పాఠ్యభాగాల సంకలనాలు తయారుచేయవచ్చని ఢిల్లీ హైకోర్టు 2016లో తేల్చింది. దీనిపై అప్పీలును సుప్రీంకోర్టు 2017లో తోసిపుచ్చింది. ఖరీదైన విదేశీ పుస్తకాలు కొనలేని విద్యార్థులకు ఈ తీర్పు గొప్ప అండ.

ఆసుపత్రులు, కంపెనీలు: వీటికి చట్టంలో విడిగా మినహాయింపు లేదు. వైద్యుల సొంత అధ్యయనానికి, వైద్య విద్యార్థుల బోధనకు పై నిబంధనలే ఆధారం. సిబ్బందికో, ప్రచారానికో మూకుమ్మడిగా పంచాలంటే ప్రచురణకర్త అనుమతి తీసుకోవడమే సరైన పద్ధతి.

ప్రత్యామ్నాయం: 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు సుమారు 13,000 పరిశోధన పత్రికలను ఆన్‌లైన్‌లో అందిస్తోంది.