విడిపోయే హక్కు: సోవియట్ యూనియన్ ఆఖరి చర్చ

సోవియట్ యూనియన్ నుంచి విడిపోయే హక్కు రిపబ్లిక్కులకు మొదటి నుంచీ ఉంది. 1922లో ఉక్రెయిన్, బెలారస్ వంటివాటిని రష్యాలోనే స్వయంప్రతిపత్తి ప్రాంతాలుగా కలిపేయాలని స్టాలిన్ ప్రతిపాదించాడు. లెనిన్ ఒప్పుకోలేదు; రష్యాతో సహా అందరూ సమానంగా చేరే యూనియన్ కావాలన్నాడు. డిసెంబరు 30న కుదిరిన ఒప్పందంలో విడిపోయే హక్కును అలాగే రాశారు. 1936, 1977 రాజ్యాంగాలు కూడా దాన్ని ఉంచాయి. ఎలా విడిపోవాలో మాత్రం ఏదీ చెప్పలేదు.

ఆ హక్కు విలువేమిటో లెవ్కో లుక్యానెంకో కథ చెబుతుంది. ఉక్రెయిన్‌కు చెందిన ఈ న్యాయవాది, రాజ్యాంగం ఇచ్చిన హక్కు ప్రకారమే శాంతియుతంగా విడిపోదామని ప్రచారం చేసేందుకు చిన్న బృందాన్ని కూడగట్టాడు. 1961లో అతనికి మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని 15 ఏళ్ల జైలుగా తగ్గించారు.

సోవియట్ నేత గోర్బచేవ్ కాలంలో నోళ్లకు వేసిన తాళాలు ఊడాయి. బాల్టిక్ ప్రజల వాదన సూటిగా ఉండేది: మేం ఇష్టపడి చేరలేదు, 1939 ఆగస్టు 23 నాటి స్టాలిన్, హిట్లర్‌ల రహస్య ఒప్పందంతో మమ్మల్ని కలిపేసుకున్నారు, చేరనివాళ్లకు విడిపోయే నిబంధనలేమిటి? ఆ ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన రోజున తాల్లిన్ నుంచి విల్నియస్ వరకు సుమారు 600 కిలోమీటర్ల పొడవునా జనం చేతులు పట్టుకుని నిలబడ్డారు. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

మాస్కో దానికి చట్టంతో బదులిచ్చింది. 1990 ఏప్రిల్ నాటి ఆ చట్టం ప్రకారం విడిపోవాలంటే రిపబ్లిక్ ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆపైన అయిదేళ్ల దాకా గడువు. ఓడితే పదేళ్ల వరకు మళ్లీ అడగకూడదు. విడిపోనివ్వకుండా ఉండటానికే ఈ చట్టం అని బాల్టిక్ నేతలు విమర్శించారు. చదివితే ఆ మాట కాదనలేం.

1991 మార్చి 17న దేశమంతటా ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సమాన సార్వభౌమ రిపబ్లిక్కుల పునర్నిర్మిత సమాఖ్యగా, ఏ జాతి వారికైనా హక్కులకు పూర్తి హామీ ఉండేలా, యూనియన్‌ను నిలుపుకోవాలా అన్నది ప్రశ్న. ఒకే అవును-కాదులో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. హక్కులు కోరుకునేవారు యూనియన్‌కూ ఓటు వేయక తప్పదు. ఓటేసినవారిలో 76 శాతం అవునన్నారు. అయితే మూడు బాల్టిక్ రిపబ్లిక్కులు, జార్జియా, ఆర్మేనియా, మోల్డోవా ఆ ఓటింగును నిర్వహించనే లేదు. ఉక్రెయిన్ తన సొంత ప్రశ్న ఒకటి జతచేసింది: ఉక్రెయిన్ తన సార్వభౌమత్వ ప్రకటన ఆధారంగానే యూనియన్‌లో ఉండాలా? దానికి ఇంకా ఎక్కువ మంది, 80 శాతం, సరేనన్నారు. అంటే జనం కోరిన యూనియన్ పాతది కాదు.

మిగిలిన తొమ్మిది రిపబ్లిక్కుల నేతలతో గోర్బచేవ్ కొత్త ఒప్పందం సిద్ధం చేశాడు. ఆగస్టు 20న సంతకాలు మొదలు కావాలి. దాన్ని ఆపడానికే ఒకరోజు ముందు సొంత మంత్రివర్గంలోని పెద్దలు, కేజీబీ అధిపతి కలిసి కుట్రకు దిగారు. మూడు రోజుల్లో అది కూలింది. యూనియన్‌ను కాపాడతామని బయల్దేరినవాళ్లే దాని చివరి అవకాశాన్ని చేజార్చారు. ఆగస్టు 24న ఉక్రెయిన్ పార్లమెంటు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది. దాన్ని రాసినవారిలో ప్రధానుడు లుక్యానెంకో. డిసెంబరు 1న ఓటేసిన ఉక్రెయిన్ వాసుల్లో 90 శాతానికి పైగా దాన్ని బలపరిచారు.

ఉక్రెయిన్ లేని యూనియన్‌ను రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఊహించలేకపోయాడు. డిసెంబరు 8న బెలారస్‌లోని బెలవెజా అడవిలో రష్యా, ఉక్రెయిన్, బెలారస్ నేతలు యూనియన్ ముగిసిందని ప్రకటించారు. 21న అల్మా-అటాలో పదకొండు రిపబ్లిక్కులు స్వతంత్ర దేశాల కూటమిగా ఏర్పడ్డాయి. 25న గోర్బచేవ్ రాజీనామా చేశాడు.

రాజ్యాంగం విడిపోయే హక్కును పదిహేను యూనియన్ రిపబ్లిక్కులకే ఇచ్చింది. వాటిలోపలి అబ్ఖాజియా, నగోర్నో-కరబాఖ్ వంటి స్వయంప్రతిపత్తి ప్రాంతాల సంగతి తేలనే లేదు. పాత రిపబ్లిక్ సరిహద్దులే కొత్త దేశాల సరిహద్దులయ్యాయి. ఈ రెండు చోట్లా ఆ వివాదం చర్చలతో ఆగక యుద్ధాలకు దారితీసింది.