విమానమున సుఖాసనము

విమానములో ఏ ఆసనము సుఖకరమను ప్రశ్న తొలి ప్రయాణికునకు కలుగలేదు, ఉన్నది ఒక్కటే. 1914 జనవరి 1వ తేదీన అమెరికాలోని ఫ్లోరిడాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నుండి టాంపాకు క్రమబద్ధమైన విమాన యానము ప్రారంభమైనది. మాజీ నగరాధ్యక్షుడు ఫీల్ మహాశయుడు వేలములో 400 డాలర్లిచ్చి, పైకప్పు లేని నీటివిమానమున చోదకుని ప్రక్కన చెక్కబల్లపై 23 నిమిషములు పయనించెను.

1920 దశకమున మూసిన గదులలో పేము కుర్చీలు వెలసినవి. పేమును ఎన్నుకొనుటకు కారణము దాని తేలికదనమే. కుర్చీల బరువు తగ్గిన మేరకు విమానమునకు భారము తగ్గును.

నేడు ఆసనములు అనేకము. కుదుపులకు జంకువారికి రెక్కల చెంత మేలు. విమానపు తూకము నిలుచు చోటు ఆ దాపుననే గనుక ఊగిసలాట తక్కువ, తోక వైపు హెచ్చు. కిటికీ కడ మేఘదర్శనము, నడవ కడ లేచి తిరుగు స్వేచ్ఛ. రెండును ఒకచోట దొరకుట అరుదు. దేనిని వదలుకొనగలమో ముందుగా తెలిసికొన్నవారికే సుఖాసనము లభించును.