ప్రమాణం కాదు, బాకీ పత్రం

మా పెళ్లి 1985లో అయింది. నలభయ్యో పెళ్లిరోజుకి నెల ముందు, న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి ఫోను చేశాడు. "నాన్నా, మా పక్కింటి యూదు దంపతులు ఇరవై అయిదో పెళ్లిరోజున మళ్లీ పందిరి కింద నిలబడి పెళ్లి ప్రమాణాలు చేసుకున్నారు. చూడ్డానికి చాలా బాగుంది. నువ్వు షష్టిపూర్తి ఎలాగూ వద్దన్నావు. కనీసం ఇలాంటిదైనా చేసుకోండి, అమ్మ సంతోషిస్తుంది" అన్నాడు.

షష్టిపూర్తి ఎందుకు వద్దన్నానో వాడికి తెలుసు. మళ్లీ తాళి, మళ్లీ హోమం, మళ్లీ దక్షిణ! ముప్ఫై ఏళ్లుగా హేతువాద సంఘంలో ఉన్నవాణ్ణి, ఎలా ఒప్పుకుంటాను? కానీ వాడి మాట పట్టుకుని యూదుల పెళ్లి సంగతి చదవడం మొదలుపెట్టాను. నేను చదివింది బి.కాం., చేసింది రక్షణ శాఖ లెక్కల ఉద్యోగం. ఏ మతం తంతు చూసినా ముందు నా కన్ను కాగితాల మీద పడుతుంది. ఇక్కడ మంచి కాగితమే దొరికింది.

మొదట తేలిన సంగతి ఏమిటంటే, యూదుల సంప్రదాయ పెళ్లిలో అసలు ప్రమాణాలే లేవు. హుప్పా అనే పందిరి కింద వరుడు వధువుకి ఉంగరం ఇచ్చి, ఆమెను భార్యగా చేసుకుంటున్నట్టు ఒక్క వాక్యం చెబుతాడు. వధువు నోరు మెదపనక్కర్లేదు. జీవితాంతం తోడుంటానని ఇద్దరూ మాట ఇచ్చుకోవడం క్రైస్తవ పెళ్లి పద్ధతి. పైగా, పెళ్లయిన జంటకి ఆ ఆశీర్వచనాలే మళ్లీ చదివితే దేవుడి పేరు వృథాగా తలచినట్టవుతుందని సంప్రదాయ పండితుల అభ్యంతరం. అంటే మావాడు చూసింది మూడువేల ఏళ్ల ఆచారమేమీ కాదు, ఈ కాలపు వేడుక.

మరి పాత పెళ్లిలో ఏముంది? ఉంగరం ఇచ్చాక అందరి ముందూ ఒక పత్రం చదువుతారు. దాని పేరు కెతూబా. అందులో ప్రేమ కబుర్లు ఉండవు. అది బాకీ పత్రం. భర్త విడాకులిచ్చినా, చనిపోయినా, భార్యకి అతని ఆస్తి నుంచి ఇంత సొమ్ము రావాలి అని రాసి, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తారు. కన్యకి 200 జూజ్‌లు, వితంతువుకి 100. జూజ్ అంటే వెండి నాణెం. 200 జూజ్‌లు ఉన్నవాడు పేదల కోసం పొలాల్లో వదిలేసిన పరిగె ఏరుకోకూడదని మిష్నా చెబుతుంది. అంటే ఆ రోజుల్లో దారిద్ర్య రేఖ అది. ఇంట్లోంచి వెళ్లగొట్టిన ఆడది పరిగె ఏరుకునే స్థితికి రాకూడదన్నది లెక్క.

ఇలాంటి కాగితాలకి పూర్వరూపం ఈజిప్టులో దొరికింది. నైలు నదిలో, అస్వాన్ దగ్గర ఎలిఫెంటైన్ అనే దీవి ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో అక్కడ పర్షియా చక్రవర్తి కొలువులో యూదు సైనికుల దండు ఉండేది. జీతం, రేషను ఖజానా నుంచే. (నా లాంటి గుమస్తా అక్కడా ఒకడు ఉండే ఉంటాడు!) అక్కడి గుడిలో పనిచేసే అననియా, తమేత్ అనే ఈజిప్టు దాసిని పెళ్లి చేసుకున్నప్పుడు రాసిన పత్రం తేదీ క్రీ.పూ. 449. ఆమె తెచ్చుకున్న ఉన్ని బట్ట, అద్దం, చెప్పుల జత, నూనె, అన్నీ అందులో రాశారు. బానిస పిల్ల చెప్పుల జత కూడా లెక్కలోకి వచ్చింది. ఇంకో విశేషం, ఆ పత్రాల ప్రకారం విడాకులు భర్తే కాదు, భార్య కూడా ఇవ్వొచ్చు. తరవాతి మతధర్మం ఆ హక్కు ఆమెకి లేకుండా చేసింది. చరిత్ర ఎప్పుడూ ముందుకే నడుస్తుందనుకునే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక తాల్ముద్‌లో ఉన్న కథ. మొదట్లో ఈ సొమ్ము విడిగా తీసి పెళ్లికూతురి పుట్టింట్లో ఉంచేవారట. మొగుడికి కోపం వస్తే "పో, నీ సొమ్ము దగ్గరికే పో" అనేవాడు. సరేనని అత్తింట్లో ఉంచి చూశారు. అప్పుడూ "నీది నువ్వు తీసుకుని పో" అనేవాడు. చివరికి క్రీ.పూ. మొదటి శతాబ్దంలో షిమోన్ బెన్ షెతాహ్ అనే పెద్ద ఒక మార్పు తెచ్చాడు. సొమ్ము విడిగా ఉంచొద్దు, భర్త ఆస్తి అంతా దీనికి హామీగా ఉండాలి అన్నాడు. అప్పుడు గెంటేయాలంటే పొలమో ఇల్లో అమ్మాలి. నగదు కట్టడం తేలిక, ఆస్తి మీద తాకట్టు బరువు. మనిషి స్వభావం తెలిసినవాడు చేసిన పని అది. అందులో దేవుడి మహిమ నాకేమీ కనపడలేదు.

ఈ కాగితం నిజంగా పనికొచ్చిందా? బబథా అనే ఆవిడ సంగతి చూడండి. 1961లో మృత సముద్రం దగ్గరి ఒక గుహలో, యిగాయెల్ యాదిన్ బృందానికి తోలు సంచీలో 35 పత్రాలు దొరికాయి. అన్నీ ఆవిడవే. వాటిలో రెండో భర్తతో పెళ్లి నాటి కెతూబా ఉంది, అందులో సొమ్ము 400 జూజ్‌లు. ఆ భర్తకి ఇంకో భార్య కూడా ఉంది. అతను చనిపోయాక, తనకి రావలసిన దాని కింద బబథా అతని ఖర్జూర తోటల్ని స్వాధీనం చేసుకుంది. 130లో ఆ పంట అమ్మిన పత్రం కూడా సంచీలో ఉంది. తరవాత రోమన్ల మీద తిరుగుబాటు జరిగిన కాలంలో ఆ గుహకి పారిపోతూ కూడా ఆ సంచీ వదల్లేదు. నేను పింఛను సెక్షన్లో ఉన్నప్పుడు, సర్వీసు రికార్డులో పేరు ఎక్కని సిపాయిల భార్యలు ఏళ్ల తరబడి తిరగడం చూశాను. బబథా సంచీ ఎందుకు వదల్లేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు "మళ్లీ పెళ్లి" సంగతికొద్దాం. కెతూబా లేకుండా భార్యతో ఒక్క గంట కూడా కాపురం చేయకూడదని రబ్బీ మెయిర్ అన్నాడు. అందువల్ల ఆ కాగితం పోయినా, కాలిపోయినా, కొత్తది రాయించుకోవాలి. సంప్రదాయంలో నిజంగా "పునరుద్ధరించేది" ఇదొక్కటే. మళ్లీ రాసేది ప్రేమని కాదు, బాకీని.

అలాగని కెతూబాని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కన్యకి ఒక ధర, వితంతువుకి ఇంకో ధర ఏమిటి? విడాకుల పత్రం ఇచ్చే అధికారం భర్త చేతిలోనే ఉంది. సుమారు 1000లో జర్మనీలోని మైన్జ్‌లో రబ్బీ గెర్షోమ్, ఇద్దరు భార్యల్ని కట్టుకోవడాన్నీ, భార్య ఒప్పుకోకుండా విడాకులివ్వడాన్నీ నిషేధించాడు. కానీ భర్త ఇవ్వనంటే భార్య గతి ఏమిటన్నది అలాగే మిగిలింది. ఇజ్రాయెల్‌లో 1953 చట్టం యూదుల పెళ్లీ విడాకులూ మత కోర్టులకే అప్పగించింది. విడాకులివ్వని భర్తల మీద ఆంక్షలు పెట్టే చట్టం 1995లో గానీ రాలేదు. ఇప్పటికీ అక్కడ ఆడవాళ్లు ఆ కాగితం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఇక ఈ కాలపు పెళ్లిరోజు కెతూబా. మావాడు ఫొటో పంపాడు. రంగుల బొమ్మలు, బంగారు అక్షరాలు, గోడకి తగిలించుకునేంత అందంగా ఉంది. ప్రేమ, గౌరవం, స్నేహం అని రాసుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీయో ఎక్కడా లేదు. ఆ దంపతులకి వేరే చట్టాల రక్షణ ఉంది కాబట్టి సరిపోతుంది. వాళ్ల సరదా వాళ్లది.

ఆ ఫొటో మా ఆవిడకి చూపించి, ఈ కథంతా చెప్పాను. అంతా విని, "మరి నా పన్నెండు తులాలు ఏ కాగితంలో ఉన్నాయండీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. 1991లో ఇల్లు కట్టేటప్పుడు ఆమె పుట్టింటి బంగారం అమ్మాం. ఇల్లు నా పేరున రిజిస్టరైంది. సిమెంటు బస్తాల రసీదులు నా ఫైల్లో ఇప్పటికీ ఉన్నాయి, బంగారం సంగతి ఒక్క ముక్క లేదు. కట్నం మీద వ్యాసాలు రాసినవాణ్ణి. స్త్రీధనం భార్య సొంతమని, భర్త దగ్గర ఉన్నా అది అతనిది కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది మా పెళ్లయిన 1985లోనే. అది తెలిసినవాణ్ణి కూడా. ఇంకొకరి లెక్కలో ఇలాంటిది కనపడితే అభ్యంతరం రాసి తిప్పి పంపేవాణ్ణి.

పెళ్లిరోజుకి వేడుక చేయలేదు. ఆ వారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి ఇంట్లో సగం ఆమె పేరున గిఫ్టు డీడు రాశాను. బయటికొచ్చాక, "గిఫ్టు అని రాశారేమిటి? నాది నాకిస్తే గిఫ్టా?" అంది. చట్టంలో ఉన్న మాట అదే అన్నాను. "మీ షిమోన్ గారైతే బాకీ అని రాసేవాడు" అంది.

హేతువాద మిత్రులు షష్టిపూర్తిని ఎగతాళి చేసే ముందు ఒకసారి ఇంటి దస్తావేజు తీసి చూసుకోండి. అందులో ఎవరి పేరు ఉందో, ఎవరి పేరు లేదో.