విలీనం లెక్కలో పడని నష్టం

2024 నవంబరు 11 రాత్రి దోహాలో బయలుదేరి ముంబై చేరిన విమానం నెంబరు ఏఐ 2286. విమానం విస్తారాది, రంగులు విస్తారావి, లోపల ఉన్నవాళ్లు విస్తారా సిబ్బంది. నెంబరు మాత్రం ఎయిర్ ఇండియాది. 2015 జనవరి 9న ఢిల్లీ నుంచి ముంబైకి తొలి విమానం నడిపిన సంస్థ ఆ రాత్రితో, పదేళ్లు నిండకుండానే, ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ముందే కొన్న టికెట్లు చెల్లాయి. డెబ్బై విమానాలూ మర్నాడు యథాప్రకారం ఎగిరాయి. పాయింట్ల పథకమైన క్లబ్ విస్తారాలోని సుమారు 45 లక్షల మంది సభ్యుల ఖాతాలు ఎయిర్ ఇండియా వారి మహారాజా క్లబ్‌కు మారాయి. కాగితం మీద ప్రయాణికుడికి పోయిందేమీ లేదు. అయినా ఆ సంస్థలో తరచూ తిరిగినవాళ్లు దాని ఆఖరి రోజుల్లో దగ్గరివాళ్లు దూరమవుతున్నట్టు బాధపడ్డారు, ఇప్పటికీ దాని ఊసు ఎత్తుతూనే ఉన్నారు. మెత్తటి సీటుకూ మంచి కాఫీకీ అలవాటుపడ్డ కలిగినవాళ్ల బెంగ ఇదని తేలిగ్గా తీసేయడం మామూలైంది. ఆ బాధను సాక్ష్యంగా తీసుకోవాలని నా వాదన. విమానాలు, రూట్లు, పాయింట్లు అన్నీ భద్రంగా చేతులు మారినా ఏదో పోయిందని జనానికి తెలిసిందంటే, విమాన సంస్థ అనేది వాటన్నిటి మొత్తం కాదన్నమాట. మన దేశంలో జరిగిన విలీనాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది.

మూతపడ్డ సంస్థకీ కలిసిపోయిన సంస్థకీ తేడా ముందు చూడాలి. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు నష్టం అందరికీ కనబడింది. టికెట్ల డబ్బు, పాయింట్లు, సిబ్బంది జీతాలు అన్నీ మునిగాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు మాత్రం ఒక వింత జరిగింది. దాని పాయింట్ల పథకం జెట్ ప్రివిలేజ్ వేరే కంపెనీగా ఉండడంతో సంస్థ పోయినా సభ్యుల పాయింట్లు బతికే ఉన్నాయి, ఇంటర్‌మైల్స్ పేరుతో కొనసాగాయి. పాయింట్లే ప్రయాణికుడికీ సంస్థకీ ఉన్న బంధమైతే జెట్ ప్రయాణికులు నిశ్చింతగా ఉండాల్సింది. వాళ్లకు ఆ పాయింట్లు ఊరట ఇవ్వలేదు. ఎందుకంటే వాళ్లు దాచుకున్నది పాయింట్లే అయినా, నమ్ముకున్నది వేరే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి విమానాశ్రయానికి బయలుదేరేవాడికి కావలసింది ముందే తెలిసిన ప్రయాణం. కౌంటరులో ఎలాంటి జవాబు వస్తుందో, ఆలస్యమైతే ఎవరు వచ్చి చెబుతారో, పోయిన పెట్టె గురించి ఎవరిని అడగాలో తెలిసి ఉండడం. నెలకు నాలుగైదుసార్లు తిరిగేవాడికి అదే అసలు సౌకర్యం. మూతపడినప్పుడు ఆ నష్టానికి ఒక పేరుంటుంది, దాని మీద సానుభూతీ ఉంటుంది. విలీనంలో అదే నష్టం జరిగినా, అన్నీ ఉన్నాయి కదా అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

విస్తారా ఏం చేసిందో చెప్పకుండా ఆ నమ్మకాన్ని అర్థం చేసుకోలేం. టాటా సన్స్‌కి 51 శాతం, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 49 శాతం వాటాలతో మొదలైన ఈ సంస్థ తన ఎయిర్‌బస్ ఏ320లో 148 సీట్లే వేసింది. బిజినెస్ క్లాసులో 16, ప్రీమియం ఎకానమీలో 36, ఎకానమీలో 96. అదే రకం విమానంలో ఇండిగో అప్పట్లో 180 సీట్లు వేసేది. దేశంలో ప్రీమియం ఎకానమీ పెట్టిన మొదటి సంస్థ విస్తారాయే. చవక టికెట్టుదే రాజ్యమైన మార్కెట్టులో, కడుపు నింపే భోజనమూ మర్యాదా టికెట్టు ధరలోనే ఇస్తామని మొదటి రోజే తన సీట్ల లెక్కతో చెప్పింది. ఆ లెక్క నిలవలేదన్నది కూడా నిజం. తర్వాత బిజినెస్ సీట్లు సగానికి తగ్గించి, మొత్తం సీట్లను 158కీ, ఆపైన 164కీ పెంచుకుంది. అయినా పనితీరు మీద నమ్మకం సడలలేదు. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఇదే. కాళ్లు చాపుకునే జాగా మీద మమకారమే అయితే, జాగా తగ్గినప్పుడే ఆ మమకారమూ తగ్గాలి.

ప్రయాణికుల మాట నమ్మలేమనుకుంటే యజమానులు చేసిన పని చూడండి. విలీనమయ్యాక విస్తారా విమానాలకు యూకే కోడ్ తీసేసి ఏఐ పెట్టారు గానీ, నెంబరు ముందు 2 అంకె చేర్చారు. పాత యూకే 955 అలా ఏఐ 2955 అయింది. ఆ విమానాల్లో అదే సిబ్బంది, అదే సేవ కొనసాగుతాయని హామీ ఇచ్చారు. టికెట్టు కొనేవాడు ఆ అంకె చూసి తను ఎక్కబోయేది పాత విస్తారా విమానమో కాదో పోల్చుకోగలిగాడు. ఒకే సంస్థగా మారిన రోజునే రెండు రకాల ప్రయాణాలున్నాయని నెంబరులోనే గుర్తు పెట్టారంటే, తేడా ప్రయాణికుల ఊహలో పుట్టలేదని యజమానులే ఒప్పుకున్నట్టు. అది మంచి నిర్ణయమనే నా అభిప్రాయం. కానీ పైలట్లకు ఒకే సీనియారిటీ జాబితా, సిబ్బందికి ఒకే రోస్టరు రావడం ఏ విలీనంలోనైనా తప్పదు. అలాంటి అంకె తాత్కాలికంగానే కాపాడగలదు.

ఇంతకుముందు ఏం జరిగిందో చూస్తే ఈ భయం ఎందుకో తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చవగ్గా దొరికిన డకోటా విమానాలతో మన దేశంలో కంపెనీలు పుట్టుకొచ్చాయి, గిరాకీకి మించి లైసెన్సులు ఇచ్చారు, చాలావరకు నష్టాల్లో పడ్డాయి. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులను జాతీయం చేసి, కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ చేశారు. ఆ కొత్త సంస్థకు 99 విమానాలు దక్కాయి, అందులో 74 డకోటాలే. కలిసిపోయినవాటిలో మన హైదరాబాద్ కంపెనీ కూడా ఉంది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కు బేగంపేట కేంద్రం. రాత్రిపూట నాలుగు మహానగరాల నుంచి వచ్చిన విమానాలు నాగపూర్‌లో కలుసుకుని ఉత్తరాల సంచులు మార్చుకునే నైట్ మెయిల్ సర్వీసు నడిపిన అనుభవం దానిది. ప్రేమ్ మాథుర్‌ను మిగతా కంపెనీలు కాదన్నాక పైలట్‌గా చేర్చుకున్నది ఈ హైదరాబాద్ సంస్థే. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఆమె. ఇలాంటి సొంత స్వభావాలున్న ఎనిమిది సంస్థలను ఒకేసారి ఒకే కార్పొరేషన్‌లో పోయడాన్ని జేఆర్‌డీ టాటా గట్టిగా వ్యతిరేకించారు. జాతీయం చేయడం ఆగలేదు గానీ, ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌ను మాత్రం విడి కార్పొరేషన్‌గా ఉంచారు, దానికి ఛైర్మన్‌గా ఆయన్నే పెట్టారు. టీ రంగు ఎలా ఉంది, సీటు ఎంత వాలుతోంది అనేవరకూ గమనించి నోట్లు రాసే మనిషి ఆయన. ఆ పద్ధతి చెదరకుండా సాగిన సంస్థ తర్వాతి రెండు దశాబ్దాల్లో ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. కలగలిపిన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు విమానాలు పెరిగాయి, 1957లో వైకౌంట్లు, 1964లో కారవెల్ జెట్లు వచ్చాయి, కానీ ఆ స్థాయి మర్యాద రాలేదు. ఒకటి విదేశీ సంస్థలతో పోటీపడాల్సి వచ్చింది, రెండోదానికి దేశంలో పోటీయే లేదు, తేడాకి కారణం అదే అని ఎవరైనా అనవచ్చు. అది సగం కారణం. పోటీ ఉన్నంత మాత్రాన పద్ధతి దానంతటదే పుట్టదు. అప్పటికే ఉన్న పద్ధతిని చెదరగొట్టకపోవడం రెండో సగం.

2007లో ఆ రెండు సంస్థలనే కలిపారు. అప్పటికి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కోణార్క చక్రం గుర్తుతో ఇండియన్ అని పేరు మార్చుకుని రెండేళ్లు కూడా కాలేదు. దాని ఐసీ కోడ్ 2011 ఫిబ్రవరి దాకా నడిచింది, అంటే విమానాల మీద పేరు కలవడానికే మూడున్నరేళ్లు పట్టింది. మనుషులు కలవడానికి అదీ చాలలేదు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం పది రోజులు సమ్మె చేశారు. మరుసటి ఏడాది, కొత్తగా రాబోతున్న బోయింగ్ 787 శిక్షణ వాళ్లకిస్తున్నారని పాత ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు విధుల్లోకి రాలేదు. జీతాలూ పదోన్నతులూ ఎలా సరిచేయాలో చెప్పడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ ఏళ్లలో విమానం రద్దై విమానాశ్రయంలో కూర్చున్న ప్రయాణికుడి ఓపికకు ఏ లెక్కల పుస్తకంలోనూ పద్దు లేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ల గొడవ అనేవాళ్లకు ఎయిర్ డెక్కన్ కథ జవాబు. కెప్టెన్ గోపీనాథ్ 2003లో మొదలుపెట్టిన ఆ సంస్థకు ఆర్‌.కె.లక్ష్మణ్ గీసిన సామాన్యుడే గుర్తు. చిన్న ఏటీఆర్ విమానాలతో విజయవాడ, రాజమండ్రి వంటి ఊళ్లకు సర్వీసులు నడిపింది, రైలు తప్ప ఎరగని కుటుంబాలను విమానం ఎక్కించింది. మర్యాదలు లేవు, ఆలస్యాలు బోలెడు, అయినా అది తమదని జనం అనుకున్నారు. 2007లో కింగ్‌ఫిషర్ దానిలో వాటా కొంది, 2008లో అది కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. సామాన్యుడి బొమ్మ పోయి ఎరుపు రంగు వచ్చింది. 2011లో ఇక చవక సర్వీసులు నడపబోమని ప్రకటించారు, ఏడాది తిరిగేసరికి అసలు సంస్థే ఆగింది. ఇక్కడ పోయింది బిజినెస్ క్లాసు భోజనం కాదు. తక్కువ ఖర్చుతో చిన్న ఊళ్లకు విమానం ఎలా నడపాలో తెలిసిన పద్ధతి పోయింది. దాన్ని కొన్నవాళ్లకు కావలసింది విమానాలూ, లైసెన్సుతో వచ్చే హక్కులూ. విస్తారా ప్రయాణికుడి బాధా రాజమండ్రి ప్రయాణికుడి బాధా జేబును బట్టి వేరు గానీ, జాతి ఒకటే.

ఇంకో ఆక్షేపణ బలమైనది. పోయినదాన్ని మనసు మెరుగు పెట్టుకుంటుంది, విస్తారా ఏమీ మచ్చలేనిది కాదు అంటారు. నిజమే. 2024 ఏప్రిల్‌లో పైలట్లు చాలక రోజుకు పాతిక ముప్పై విమానాలు తగ్గించుకోవాల్సి వచ్చింది, వేలమంది ఇబ్బందిపడ్డారు. ఇప్పుడు బాధపడుతున్న ఆ ప్రయాణికులే అప్పుడు గట్టిగా నిలదీశారు, కాబట్టి వాళ్లది గుడ్డి అభిమానం కాదు. పైగా ఆ సంక్షోభం విలీనం నుంచి పుట్టిందే. జీతాలను ఎయిర్ ఇండియా పద్ధతిలోకి మార్చే క్రమంలో, పైలట్లకు నెలకు 70 గంటలకు ఇచ్చే స్థిరజీతాన్ని 40 గంటలకు కుదించారు. సంస్థ పేరు ఇంకా బతికి ఉండగానే దాని పద్ధతి చెదరడం మొదలైందన్నమాట. విస్తారా ఏ ఏడాదీ లాభంతో ముగించలేదు, నష్టాల్లో ఉన్నదాన్ని ఎంతకాలం మోస్తారన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. టాటాలు 2022 జనవరిలో ఎయిర్ ఇండియాను తిరిగి తెచ్చుకున్నాక రెండు సంస్థలను విడివిడిగా నడపడం కష్టమని నేనూ ఒప్పుకుంటాను. విలీనం తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. అందులో ఏం పోతుందో ముందే గుర్తించి, దాన్ని కాపాడడానికి ఖర్చు పెట్టాలన్నదే నేను అడిగేది.

చివరగా ఒక సంగతి, ఇది జ్ఞాపకాలకు సంబంధించింది కాదు. 2007లో మన దేశంలో భోజనమూ బ్యాగేజీ కలిపి పూర్తి సేవలందించే పెద్ద సంస్థలు కొన్ని పోటీపడేవి. ఎయిర్ సహారాను జెట్ కొంది, ఇండియన్ ఎయిర్ ఇండియాలో కలిసింది, కింగ్‌ఫిషర్, జెట్ మూతపడ్డాయి. విస్తారా కూడా పోయాక అలాంటిది ఒక్క ఎయిర్ ఇండియాయే మిగిలింది. మార్కెట్టులో అరవై శాతానికి పైగా ఇండిగో చేతిలో ఉంది. ఎయిర్ ఇండియా సేవ బాగాలేకపోతే విస్తారాకు పోతానని ఇదివరకు చెప్పగలిగిన ప్రయాణికుడు ఇప్పుడు ఆ మాట అనలేడు. అతని అసంతృప్తికి అప్పుడున్న బరువు ఇప్పుడు లేదు. ఆ ఖాళీ ఎంత విలువైనదో వ్యాపారులకు ముందే తెలుసు. విస్తారా పేరు చెరిగిన రెండు రోజులకు, 2024 నవంబరు 14న, చవక టికెట్టుతోనే ఎదిగిన ఇండిగో ఢిల్లీ–ముంబై రూటులో పన్నెండు సీట్లతో తన మొదటి బిజినెస్ క్లాసు మొదలుపెట్టింది. విస్తారా తన తొలి విమానం నడిపిందీ ఆ రూటులోనే.