ఒక గింజ – రెండు వంటిండ్లు

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధములు, కోటలు జ్ఞప్తికి వచ్చును. ఏ రాజు ఏ సంవత్సరమున సింహాసనమెక్కెనో బడిలో వల్లెవేసిన వారము గాని, మన కంచములోని గింజ ఏ దేశమున పుట్టి ఏ త్రోవన మన చేలకు వచ్చెనో విచారించిన వారము తక్కువ. రాజ్యములు వచ్చినవి, పోయినవి. గింజ మాత్రము వేల ఏండ్లుగా మనలను విడువక పోషించుచున్నది. అట్టి కొన్ని గింజల కథను, వాటి పుట్టింటివారైన ఆఫ్రికా ప్రజలలో నైజీరియావారు వాటిని వండుకొను తీరును ఈ ప్రసంగమున ముచ్చటించదలచినాము. దూరదేశపు మాటగా తోచినను, ఈ కథను మన ఊరి పొలిమేరలోనే మొదలుపెట్టవచ్చును.

హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా నాగపూరు పోవు బాటపై మేడ్చల్, కరీంనగరము పోవు బాటపై శామీర్‌పేట ఉన్నవి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఈ రెండును చేరినవి. చెరువుల క్రింద వరి, చెలకలలో జొన్న, జొన్నసాళ్ళ నడుమ కంది, బబ్బెర – ఇది ఈ ప్రాంతపు పూర్వపు సేద్యము. తరువాత ద్రాక్షతోటలు వచ్చినవి. ఆ పిమ్మట 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము, ఔషధ పరిశోధనలకు నెలవైన జీనోమ్ వ్యాలీ, నగరమును చుట్టివచ్చు బాహ్యవలయ రహదారి వచ్చినవి. చెలకలు ఇండ్ల స్థలములైనవి. ఒకనాడు ఇంటి వెనుక పండిన బబ్బెర్లు నేడు అంగడిలో పొట్లముగా దొరకుచున్నవి. కోస్తావారు బొబ్బర్లనియు అలసందలనియు పిలుచు గింజలకే తెలంగాణములో బబ్బెర్లని పేరు.

ఇక రెండవ సంగతి. నైజీరియా దేశమునుండి చదువుకొరకు విద్యార్థులును, వైద్యముకొరకు రోగులును హైదరాబాదునకు వచ్చుచున్నారు. పరదేశమున మనిషికి మొట్టమొదట తగులు కొరత మాతృభాషది. రెండవది ఇంటి వంటది. అయితే నైజీరియా గృహిణి మన అంగడిలో అడుగిడినచో ఆమెకు తెలిసిన సరుకులు ఎన్నో కనబడును. బబ్బెర్లు, జొన్నపిండి, సజ్జలు, బెండకాయలు, ఎండు మిరపకాయలు, వేరుసెనగ నూనె – ఇవి అన్నియు ఆమె ఇంట ఉన్నవే. ‘ఇవి మావి’ అని ఆమె అనుకొనును. ‘ఇవి మావి’ అని అమ్ముచున్న మన అవ్వయు అనుకొనును. ఇద్దరి మాటయు నిజమే. అది ఎట్లు నిజమో చూతము.

జొన్న పుట్టినిల్లు ఆఫ్రికా. సూడాన్ దేశపు తూర్పు భాగమున దొరికిన కుండ పెంకులలో జొన్నపొట్టు అచ్చులు పడియున్నవి. వాటినిబట్టి అక్కడి ప్రజలు క్రీస్తునకు పూర్వము 3000 నాటికే అడవి జొన్నను పైరుగా మార్చుచుండిరని పరిశోధకులు తేల్చినారు. సజ్జను పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశమున సుమారు క్రీ. పూ. 2500 నాటికి సాగుచేసినారు. రాగి తూర్పు ఆఫ్రికా మెట్టభూములది. బబ్బెర పశ్చిమ ఆఫ్రికాది. ఘానా దేశపు ప్రాచీన నివాసములలో దాదాపు క్రీ. పూ. 1800 నాటి గింజలు బయటపడినవి. పుంటికూర, అనగా మన గోంగూర, కూడ ఆఫ్రికా మొక్కయే అని వృక్షశాస్త్రజ్ఞులు అనేకులు తలచుచున్నారు. ఈ గింజలు క్రీ. పూ. రెండవ సహస్రాబ్దిలో మన దేశము చేరినవి. కర్ణాటకమున తుంగభద్రా తీరమందలి హళ్ళూరు అను నవశిలాయుగపు గ్రామమున మాడిపోయిన సజ్జగింజలు తవ్వకములలో దొరకినవి. వానకాలము కొద్దిపాటియై, నేల తేలికయై ఉన్న దక్కను చెలకలకు ఇవి సరిగా అమరినవి. అందుచేతనే ఇవి పరాయి పైరులుగా నిలువక మన జానపదుల పాటలోను, సామెతలోను, పండుగలోను కలిసిపోయినవి.

ఈ రాకపోకలు ఒకవైపు మాత్రమే జరిగినవి కావు. అరటి, చేమ, మామిడి మన ఆసియా ఖండమునుండి ఆఫ్రికాకు పోయినవి. ఇక మిరప, టమాట, మొక్కజొన్న, వేరుసెనగ అనునవి అమెరికా ఖండమునుండి 1492 తరువాతనే సముద్రము దాటి ఇటు మనకును, అటు వారికిని చేరినవి. కావున నైజీరియావారి ఎర్రని మిరప పులుసును, మన ఎర్రని మిరప తొక్కును ఈడుజోడు కలవే. మిరప లేని తెలుగు వంటను గాని, మిరప లేని నైజీరియా వంటను గాని నేడు ఊహించుట కష్టము. కాని ఐదువందల ఏండ్లకు పూర్వము రెండింటను అది లేదు.

మనుష్యుల రాకపోకలును కలవు. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ అను పేట, ఆఫ్రికా జాతివారైన అశ్విక భటుల నివాసముగా పేరుపొందినది. పందొమ్మిదవ శతాబ్దిలో వనపర్తి సంస్థానపు కొలువున ఉండిన ఆఫ్రికా భటులు పిదప నిజాము సైన్యమున చేరిరి. వీరి పూర్వులు తూర్పు ఆఫ్రికావారు. నైజీరియా పశ్చిమమున ఉన్న దేశము. కాని ఆఫ్రికా ముఖము మన నగర వీథులకు క్రొత్త కాదని చెప్పుటకు ఈ ఒక్క పేట చాలును. నైజీరియా 1960 అక్టోబరు 1న స్వతంత్రమైనది. 1962లో జవహర్‌లాల్ నెహ్రూ ఆ దేశమునకు వెళ్ళెను. తరువాతి దశాబ్దములలో మన దేశమునుండి ఎందరో ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు అక్కడ పనిచేసిరి. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, నెలకొనెను. మేడ్చల్ నుండి వలయ రహదారిపై పడమరగా పోయినచో పటాన్‌చెరు వచ్చును. ఈ సంస్థకు నైజీరియాలోని కానో నగరమునను ఒక కేంద్రము కలదు. నైజీరియాకు చేరువనున్న టోగో దేశపు సజ్జ నుండి పటాన్‌చెరులో ఎంచి తీసిన ఒక రకము 1988లో మహారాష్ట్రమునను ఆంధ్రప్రదేశ్‌లోను సాగునకు విడుదలయ్యెను. మూడువేల ఏండ్లకు పూర్వము వచ్చిన గింజకు తోబుట్టువు మరల వచ్చినదన్నమాట.

గింజ వచ్చినది గాని, గింజతో వంట రాలేదు. విత్తనమును చేతబట్టి తెచ్చినవాడు నావికుడో, వర్తకుడో. వండు విధమును చెప్పగల ఇల్లాలు ఆవలి తీరముననే నిలిచిపోయినది. అందుచేత ఒకే గింజకు రెండు వంటిండ్లలో రెండు చదువులు నడచినవి. ఆ రెండు చదువులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు వీలు ఇన్నాళ్ళకు కలిగినది.

మొదట బబ్బెర సంగతి. ప్రపంచమున బబ్బెర్లను అన్నిటికంటె హెచ్చుగా పండించు దేశము నైజీరియా. మనము బబ్బెర్లను నానబెట్టి, పచ్చిమిరప, అల్లము, జీలకర్ర చేర్చి కచ్చాపచ్చాగా రుబ్బి, అరచేత తట్టి గారెలు వేయుదుము. నైజీరియాలో యోరుబా జాతివారు ఇదే గింజతో ‘అకరా’ చేయుదురు. హౌసావారు దానిని ‘కోసై’ అందురు. పావు కిలో బబ్బెర్లను కొద్దిసేపు నానవేసి, రెండు చేతులతో రుద్ది, నీటిలో తేలిన పొట్టును పూర్తిగా వార్చివేయుదురు. తెల్లని పప్పు మిగులువరకు ఈ పని సాగును. ఆ పప్పును మరికొంత నాననిచ్చి, ఒక ఉల్లిగడ్డ, రెండు మూడు పండుమిరపకాయలు చేర్చి, నీరు మిక్కిలి తక్కువగా పోసి మెత్తగా రుబ్బుదురు. అటుపిమ్మట కీలకమైన పని ఉన్నది: పిండిని గరిటెతో ఒకేవైపుగా గిలకొట్టుట. గాలి చేరి పిండి తెల్లబడి ఉబ్బును. ఉప్పును నూనె కాగిన తరువాతనే వేయుదురు. ముందుగా వేసినచో పిండి నీరు విడిచి నురుగు దిగిపోవును. చెంచాతో జారవిడిచిన ముద్ద నూనెలో తానే గుండ్రమగును. తట్టుట లేదు, చిల్లి పెట్టుట లేదు. మన గారె పైన కరకరలాడి లోపల గట్టిగా ఉండును. అకరా లోపల దూదివలె ఉండును. గింజ ఒక్కటే, భేదము చేతిది.

ఈ అకరాకు మరియొక చరిత్ర కూడ కలదు. బానిసలుగా ఓడలకెక్కించి అట్లాంటిక్ సముద్రము దాటింపబడిన యోరుబా స్త్రీలతో ఇది బ్రెజిల్ దేశము చేరెను. అక్కడి బహియా ప్రాంతమున వీథులలో ‘అకరజె’ అను పేరుతో నేటికిని అమ్ముదురు. ఇక్కడికి గింజ వచ్చినది, వంట రాలేదు. అక్కడికి చేతులకు సంకెళ్ళున్నను వంట వచ్చినది. వంట అనునది మనిషినుండి ఎవ్వరును లాగుకొనలేని ఆస్తి అని ఈ కథవలన తెలియుచున్నది.

అదే పిండిని కొంచెము జారుగా చేసి, నూనె, పండుమిరప, ఉల్లి కలిపి, ఆకులలో పొట్లము కట్టి ఆవిరిపై ఉడికించినచో అది ‘మొయిన్‌మొయిన్’. ముప్పావుగంట మొదలు గంటవరకు ఉడుకవలెను. పండుగనాడు అందులో గ్రుడ్డుగాని చేపగాని పెట్టుదురు. అక్కడ దీనికి వేరే ఆకు ఉన్నది. మన ఇంట అరటియాకు సరిపోవును. కుడుములు ఎరిగిన మన స్త్రీలకు ఇది ఒక్కపూటలో పట్టుబడు విద్య.

జొన్న విషయమును ఇట్లే ఉన్నది. హౌసావారు జొన్నపిండిని మరగు నీటిలో పోసి కర్రతో త్రిప్పి ముద్దగా చేయుదురు. దాని పేరు ‘తువో’. మన గట్కకు జొన్నరవ్వ, వారి తువోకు మెత్తని పిండి. ఎసరు, తెడ్డు, మోచేతి బలము ఇద్దరికిని సమానమే. మనము గట్కను మజ్జిగతోనో పుంటికూర పప్పుతోనో తిందుము. వారు తువోను కుడిచేత చిన్న ముద్దగా తీసి, బొటనవ్రేలితో గుంట చేసి, బెండకాయ పులుసులో ముంచి తిందురు. మనము బెండకాయ జిగురును పోగొట్టుటకు పాటుపడుదుము. వారు ఆ జిగురే రుచియని దానిని పెంచుదురు. బెండకాయను సన్నగా తురుముటయు, మూత పెట్టక కొద్దిసేపే ఉడికించుటయు ఇందలి మర్మము.

పుంటికూర ఆకును మనము విడువము. పువ్వు రాలిన తరువాత కాయను పొదివి ఉండు ఎర్రని దొప్పలను ఎక్కువమంది పట్టించుకొనరు. కొందరు మాత్రము పచ్చడి చేయుదురు. ఉత్తర నైజీరియాలో ఆ దొప్పలనే ఎండబెట్టి, అల్లము, లవంగములతో పావుగంట మరిగించి, వడకట్టి, చక్కెర కలిపి చల్లార్చి త్రాగుదురు. దాని పేరు ‘జోబో’. రంగు దానిమ్మ రసమును పోలును, పులుపు మన పుంటికూరదే.

వంట నేర్చుట పుస్తకమువలన కంటె ప్రక్కన నిలుచుటవలన సులభమగును. ఎంత నీరు, ఎంతసేపు గిలకొట్టుట అనునవి చెప్పిన తెలియవు, చూచిన తెలియును. అందుచేత ఒక పొయ్యి ముందు ఇద్దరు నిలువవలెను. మన ఇల్లాలు అకరా నేర్చుకొనగా, ఆమె ఇచ్చుటకును ఎంతో కలదు: బబ్బెర గుడాలకు పోపు పెట్టు విధము, ఆకును నూనెలో మగ్గించి పుంటికూర తొక్కు నూరు విధము. నైజీరియావారి ఇంట ఉడికించిన బబ్బెర్లు నిత్యభోజనమే గనుక గుడాలు వారికి పరాయివి కావు. పోపు మాత్రము క్రొత్తది.

ఇందువలన ప్రయోజనమేమని అడుగువారికి రెండు మాటలు చెప్పదలచినాము. మొదటిది అతిథిని గూర్చినది. వీథిలో ఆఫ్రికా విద్యార్థిని వింతగా చూచువారు, ఇల్లు అద్దెకిచ్చుటకు జంకువారు మన నగరమున లేకపోలేదు. ఉదయము జొన్నరొట్టె తిని బయలుదేరి, ఆ జొన్నను తొలుత సాగుచేసిన ఖండపు బిడ్డను పరాయివానిగా చూచుట మనకు తగదు. రెండవది మన చేలను గూర్చినది. 2016ను పప్పుధాన్యముల సంవత్సరముగాను, మన దేశపు ప్రతిపాదనమీద 2023ను చిరుధాన్యముల సంవత్సరముగాను ఐక్యరాజ్యసమితి జరిపినది. సంవత్సరములు ముగిసినవి. మేడ్చల్, శామీర్‌పేట చెలకలలో జొన్నసాళ్ళు అందువలన మరలి రాలేదు. గింజను నిలుపునది ఉత్సవము కాదు, వాడుక. వండువారు ఉన్నచోటనే కొనువారు ఉందురు. కొనువారు ఉన్నచోటనే విత్తువారు ఉందురు. బబ్బెర గారెలు చేయు చేతులు తగ్గుచున్న కాలమున, అదే బబ్బెరను మరియొక విధమున వండి చూపు చేతులు మన ఊరికి వచ్చుట మన భాగ్యము.

ఆ విత్తనములను తెచ్చినవారి పేర్లు ఏ శాసనమునను చెక్కబడలేదు. ఆ ఋణమును తీర్చుటకు శాసనము అక్కరలేదు. ఈ తడవ బబ్బెర్లు నానవేసిన రోజున ఒక గుప్పెడు ఎక్కువ పోసి, సగము గారెలుగాను సగము అకరాగాను వండి, రెండును ఒకే పళ్ళెమున పెట్టవచ్చును. ఏది మనది, ఏది వారిది అని పిల్లలు అడిగినచో, పై కథ చెప్పవచ్చును.