గర్భస్థశిశువు: ప్రాయశ్చిత్తం, రాజదండం

కురుక్షేత్రంలో పదునెనిమిది దినాల సంగ్రామం ముగిసిన పిమ్మట ప్రయోగింపబడిన అస్త్రం ఒకటున్నది. సౌప్తికపర్వంలో అశ్వత్థామ ఒక గడ్డిపోచను అభిమంత్రించి, పాండవనాశనాన్ని సంకల్పించి బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని విడిచాడు. అర్జునుడు ప్రత్యస్త్రం వేశాడు. లోకం దగ్ధం కాకుండా నారదవ్యాసులు ఆ రెండింటి నడుమ నిలువగా అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించాడు. బ్రహ్మచర్యనిష్ఠ లేని ద్రోణపుత్రునికి అది శక్యం కాలేదు. అప్పుడతడు దానిని పాండవస్త్రీల గర్భాలపైకి మళ్లించాడు.

నిద్రిస్తున్న ఉపపాండవులను అంతకుముందు రాత్రి వధించినవాడూ అతడే. అయినా శ్రీకృష్ణపరమాత్మ నోట శాపం వెలువడినది గర్భంపైకి అస్త్రం మళ్లిన తరువాతనే. శిశుప్రాణహంతకుడని అతనిని నిందించి, మూడువేల సంవత్సరాలు రక్తపూయగంధంతో, వ్యాధిపీడితుడై, పలుకరించే దిక్కులేక నిర్జనప్రదేశాలలో తిరుగుమని స్వామి శపించాడు. ఉత్తరకు మృతుడై పుట్టిన శిశువును స్వామి తన సత్యబలంతో బ్రతికించిన ఘట్టం ఆశ్వమేధికపర్వంలో ఉన్నది. శ్రీమద్భాగవతం ప్రకారమైతే విష్ణువు గర్భంలోనే నిలిచి కాపాడాడు. అందుకే ఆ శిశువు విష్ణురాతుడు. శుకమహర్షి ముందు కూర్చుని భాగవతమంతా విన్న పరీక్షిత్తు, తల్లికడుపులో ఉండగానే ఆయుధపు దెబ్బ తిన్నవాడన్న సంగతి సప్తాహశ్రవణం చేసే భక్తులు కూడ తరచుగా మరచిపోతారు.

ఇతిహాసం ఇట్లు చెప్పిన దానిని ధర్మశాస్త్రం విధిరూపంలో చెప్పింది. స్త్రీయో పురుషుడో తెలియని గర్భాన్ని చంపినవానికి బ్రహ్మహత్యకు చెప్పిన ప్రాయశ్చిత్తమే గౌతమ, వసిష్ఠ ధర్మసూత్రాలలోను, మనుస్మృతిలోను కనబడుతుంది. మనువు చెప్పిన ఆ వ్రతం పన్నెండు సంవత్సరాల వనవాసం, భిక్షాటనం. ఆత్రేయీవధకు కూడ ఇదే వ్రతం. ఋతుస్నాత అయిన స్త్రీ ఆత్రేయి. ఆమెయందు సంతానం రాబోతున్నదని వసిష్ఠుడు ఆ పదానికి కారణం చూపాడు. అంటే ఇంకా కలుగని శిశువును సైతం ఋషి లెక్కలోనికి తీసుకున్నాడు. అయితే తెలియని గర్భం విషయంలో వసిష్ఠుడు చెప్పిన హేతువు వేరు. అది పురుషశిశువు కావచ్చునన్న సంభావనయే అక్కడ ఆధారం. ఆడశిశువు ప్రాణాన్ని తక్కువగా తూచిన ఆ హేతువు నేటి శ్రద్ధాళువుకు మనఃక్లేశం కలిగించేదే. శాస్త్రాన్ని గౌరవించేవారు ఆ పంక్తిని దాచిపెట్టనక్కరలేదు. విధిని, దానికి చెప్పిన హేతువును వేరుచేసి చూడవచ్చును.

ప్రాయశ్చిత్తం పాపికి సంబంధించినది. దండం రాజు చేతిలోనిది. ఈ రెంటినీ ఒకటిగా భావించడం వలననే ఈ విషయంలో చాల అపోహలు పుట్టాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కంటకశోధనాధికరణం చూడాలి. కొట్టి గర్భపాతం చేసినవానికి ఉత్తమసాహసదండం, ఔషధంతో చేసినవానికి మధ్యమం, క్లేశపెట్టి చేసినవానికి ప్రథమం. సాహసమంటే ఇక్కడ ధైర్యం కాదు, బలప్రయోగంతో చేసిన నేరం. ఉత్తమదండం 500 నుండి 1000 పణాలు. మధ్యమం 200 నుండి 500. ప్రథమం 48 నుండి 96. గర్భం పోవడమనే ఫలం మూడింటిలోను ఒకటే. దండం మారినది హింసాస్వరూపాన్ని బట్టి. యాజ్ఞవల్క్యుడు కూడ శస్త్రప్రహారాన్ని, గర్భపాతనాన్ని ఒకే చోట చేర్చి రెంటికీ ఉత్తమదండమే విధించాడు. ఆయన లెక్కలో అది 1080 పణాలు. ఆ స్మృతికి కల్యాణచాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షరావ్యాఖ్య రచించగా, 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

అర్థశాస్త్రంలో మరికొన్ని విధులు ఇంతకంటె హృదయాన్ని తాకుతాయి. గర్భవతియైన దాసిని, ఆమె గర్భపోషణకు ఏర్పాటు చేయకుండ అమ్మినా, తాకట్టుపెట్టినా దండం. నేరం ఒప్పించడానికి చేసే హింసకు గర్భిణిని, ప్రసవించి నెల నిండని బాలింతను గురిచేయరాదు. మరణదండన పడిన స్త్రీ గర్భిణియైతే ప్రసవమై మాసం గడచేవరకు ఆగాలి. తల్లి దోషం శిశువుకు అంటదని రాజశాసనమే ఒప్పుకున్నది.

గర్భంలోని జీవుడు ఎప్పటినుండి జీవుడన్న ప్రశ్నకు మన గ్రంథాలు ఏకకంఠంతో సమాధానం చెప్పలేదు. గర్భోపనిషత్తు ఏడవ మాసంలో జీవసంయోగం చెప్పింది. సుశ్రుతుడు నాల్గవ మాసంలో హృదయం వ్యక్తమవుతుందని, అందుచేత తల్లి ‘దౌహృదిని’, అనగా రెండు హృదయాలు గలది అవుతుందని శారీరస్థానంలో వివరించాడు. గర్భిణి కోరికలు తీర్చాలని మన ఇళ్లలో పెద్దలు పట్టుబట్టడానికి మూలం అక్కడున్నది. ఆ కోరికలు ఆమె ఒక్కతెవి కావు.

ఆంగ్లేయుల న్యాయం వేరొక మార్గాన నడిచింది. 17వ శతాబ్దిలో ఎడ్వర్డ్ కోక్ చెప్పిన నియమం ఇది: దెబ్బ తగిలి శిశువు కడుపులోనే మరణిస్తే అది మహాపరాధమే గాని హత్య కాదు, సజీవంగా పుట్టి ఆ దెబ్బ వలననే మరణిస్తే హత్య. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోకి ఈ భేదం ప్రవేశించింది. దాని 299వ విభాగపు మూడవ వివరణ ప్రకారం గర్భస్థశిశుమరణం నరహత్య కాదు. ఆ లోపాన్ని కొంత పూరించడానికే 316వ విభాగం ఏర్పడింది. తల్లి చనిపోతే నరహత్య కాదగిన కృత్యం వలన, చలనం కలిగిన గర్భస్థశిశువు మరణిస్తే, తల్లి బ్రతికి బయటపడినా నేరస్థునికి పదేళ్ల వరకు కారాగారం. చలనమనే ఆ హద్దు సుశ్రుతుని నాల్గవ మాసానికి ఎంతో దూరం కాదు. తల్లి సమ్మతితో వైద్యులు చేసే గర్భస్రావం వేరే ప్రశ్న, దానికి 1971 చట్టం వేరుగా ఉన్నది. ఇక్కడి ప్రసక్తి హింస.

ఆస్తి విషయంలో న్యాయం ఇంకొంత ఉదారం. తండ్రి మరణించేనాటికి కడుపులో ఉండి, తరువాత సజీవంగా పుట్టిన బిడ్డకు, అప్పటికే పుట్టి ఉన్న బిడ్డతో సమానమైన వారసత్వముందని 1956 హిందూ వారసత్వచట్టంలోని 20వ విభాగం చెబుతుంది. ఆ బిడ్డను పుట్టకముందే ఎవడైనా కొట్టి చంపితే మాత్రం, చట్టభాషలో అక్కడ చనిపోయిన మనిషి లేడు.

గర్భిణికి మరణశిక్ష విషయంలో కాలం ముందుకు సాగింది. పూర్వం శిక్షను వాయిదా వేసేవారు, తగ్గించడం న్యాయస్థానం ఇష్టం. 2009 చివర అమలులోకి వచ్చిన సవరణతో దానిని యావజ్జీవంగా మార్చడం తప్పనిసరి అయినది. గర్భస్థశిశువుపై హింస విషయంలో మాత్రం 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చినా మారినవి అంకెలే. 316 ఇప్పుడు 92 అయినది. గర్భస్థశిశుమరణం నరహత్య కాదన్న వివరణ 100వ విభాగం క్రింద మూడవదిగానే కొనసాగుతున్నది.